గరువుకి చెప్పింది పల్లానికి చెప్పేశాను



పై వీడియో పాతదే. వంగతోటలో నాలుగు వేళ్ల మందాన ఎండుగడ్డి పరిచి, "ఎవరైనా సరే ఇలాగే చెయ్యండి" అన్నాను అందులో. ఆ "ఎవరైనా సరే" అన్న మాటని ఈరోజు వెనక్కి తీసుకుంటున్నాను.

కిందటి వానాకాలం ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "నువ్వు చెప్పినట్టే గడ్డి పరిచాను బాబూ, మొక్కలు తల వాల్చేస్తన్నాయి" అన్నారు. నారు బీజామృతంలో ముంచారా, జీవామృతం ఎప్పుడు పోశారు అని గడగడా అడిగాను గానీ, మీది ఏ నేల అని అడగలేదు. అగ్రికల్చర్ డిప్లమో చదివినోణ్ణి, మొదటి పాఠమే మర్చిపోయాను.

వెళ్లి చూస్తే చెరువు కింద పల్లం. గడ్డి ఎత్తితే మురుగు వాసన. మొక్క వాడిందని ఆయన ఇంకో తడి కూడా పెట్టేశారు. పీకి చూస్తే వేర్లు గోధుమ రంగుకి తిరిగి, వేళ్లతో లాగితే పైతోలు ఊడి వచ్చేస్తోంది. అరెకరం పోయింది. అది కౌలు భూమి కూడాను.

నా వీడియో తీసింది కొండ వారనున్న గరువులో. మా దేవరాపల్లి మండలంలో ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. రైవాడ నీళ్లు పారే పల్లాల్లో బంకమట్టి, కాస్త పైకెళ్తే ఎర్ర గరప నేల. ఎర్రనేలలో ఇసుక పాలు ఎక్కువ, రేణువుల మధ్య సందులు పెద్దవి. గాలికి కొదవ లేదు, నీరు మాత్రం నిలవదు. అక్కడ గడ్డి పరిస్తే ప్రాణం పోసినట్టే. బంకమట్టిలో సందులు బాగా సన్నం. వాన పడితే అవన్నీ నీటితో నిండిపోయి గాలి బయటికి పోతుంది. గాలి అందని వేరు నీళ్లలో ఉండి కూడా నీరు తాగలేదు, అందుకే మొక్క వాడుతుంది. దాని మీద మందంగా గడ్డి కప్పితే, ఆరాల్సిన తేమని కూడా మనమే ఆపినట్టు.

పాలేకర్ గారు చెప్పే నాలుగింటిలో బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన మనందరికీ నోటికొచ్చు. నాలుగోది వాఫస. నేలలో గాలీ తేమా రెండూ ఉండటం. దాన్ని డ్రమ్ములో కలపలేం, వీడియోలో చూపించలేం, అందుకే ఎవరం మాట్లాడం. నా దృష్టిలో మిగతా మూడూ దీని తర్వాతే.

"ప్రకృతి సేద్యం చేస్తే ఏ నేలైనా మారిపోతుంది" అంటారు కొందరు. సగం నిజం. సేంద్రియ పదార్థం పెరిగితే మట్టి గుల్లబారుతుంది, వానపాములొస్తాయి, నీరు ఇంకుతుంది. కానీ ఇసుక ఎంత, బంక ఎంత అన్న లెక్క మన జీవితకాలంలో మారదు. మన బెల్లం వండేవాళ్లని అడగండి. చౌడు తగిలిన మడిలో చెరకు బెల్లం ఉప్పగా ఉంటుంది, తొందరగా చెమ్మ పట్టేస్తుంది. నేల సంగతి చెరకు రసమే చెప్పేస్తుంది.

నేల తెలుసుకోడానికి పైసా ఖర్చు అక్కర్లేదు. అడుగు లోతు మట్టి తీసి గాజు సీసాలో మూడో వంతు వెయ్యండి, నీళ్లు నింపి బాగా కుదిపి కదపకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో కిందకి దిగిపోతుంది, దాని మీద ఒండ్రు కొన్ని గంటల్లో. బంక మాత్రం మర్నాటికి కూడా పూర్తిగా తేరదు. అలాగే పొలంలో అడుగు గొయ్యి తీసి నీళ్లు పోసి, ఎంతసేపటికి ఇంకుతుందో చూడండి. పొద్దున్న పోసింది సాయంత్రానికీ నిలిచే ఉంటే వానాకాలంలో గడ్డి జోలికి పోకండి. ముందు కాలవలు తియ్యండి, ఎత్తు బోదెల మీద నాటండి. ఆచ్ఛాదన వానలు వెనకపట్టాక పలచగా.

పోయిన నారుకి బదులు నారు ఇచ్చాను. సీజన్ ఇవ్వలేను కదా. ఆ వీడియో మొదట్లోనే "ఇది ఎర్ర గరువు" అని ఇప్పుడు రాశాను. ఇకనుంచి మీరు ఫోన్ చేసినా, పంట పేరు కంటే ముందు నేల పేరే అడుగుతాను, విసుక్కోకండి.

ఆ పెద్దాయన ఈసారి బోదెలు తీసి బెండ వేశారు. గడ్డి గట్టు మీదే కుప్పగా ఉంది. "వానలు తగ్గనీ బాబూ, అప్పుడు చూద్దాం" అన్నారు.