దయ్యం ఉంటే లెక్కకు దొరకాలె



మనం ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించుకుంటం కదా. ఆ పద్ధతిని 1938లో కనిపెట్టినాయన అమెరికాకు చెందిన చెస్టర్ కార్ల్‌సన్. ఆయనకు మస్తు పైసలు వచ్చినయి. 1968లో చనిపోయినప్పుడు పది లక్షల డాలర్లు వర్జీనియా విశ్వవిద్యాలయానికి రాసిపెట్టిండు. ఎందుకంటే, పోయిన జన్మ గుర్తుందని చెప్పే పిల్లల మీద అక్కడ స్టీవెన్సన్ అనే డాక్టరు పరిశోధన చేస్తుండె. ఆయన మన దేశానికి కూడా వచ్చి పిల్లల మాటలు రాసుకున్నడు.

మన తెలుగువారు కె. రామకృష్ణారావు గారు కూడా ఇసొంటి పరిశోధనే చేసిండ్రు. అమెరికాలో జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చి, 1967లో విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దానికి ఒక శాఖ పెట్టిండ్రు.

రైన్ పరీక్ష సులువు. 25 కార్డులు, 5 గుర్తులు: గుండ్రం, ప్లస్సు, అలలు, చదరం, చుక్క. చూడకుండ చెప్పాలె. ఊరికే చెప్పినా 5 దాకా కలుస్తయి. ఎక్కువ కలిసినయని రైన్ అన్నడు. వేరేవాళ్ళు చేస్తే అట్ల రాలేదు.

ఇదంతా పైసలు దండుగ అని కొందరు అంటరు. నేను అనను. లెక్కపెట్టిండ్రు, అది మంచిదే. కాని ఆ లెక్క మా ఊర్లకు రాలేదు. బర్రె చస్తే, పిల్లకు జ్వరం వస్తే బాణామతి అంటరు. మా ఊర్లో ఒక ముసలవ్వ ఈ మాటలు పడలేక ఊరిడిసి పోయింది. ఆమె చూసినంక ఎన్ని బర్రెలు చచ్చినయి, చూడకుండ ఎన్ని చచ్చినయి, ఎవరన్న రాసిండ్రా? 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తరని తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపిండ్రు.

పోయిన ఆదివారం మేము అట్టముక్కలతోని 25 కార్డులు చేసినం. మా గదిలో ఒక పిల్లకు 9 కలిసినయి. అంతే, దానికి మంత్రం వచ్చని అన్నంకాడ దాని పక్కన ఎవరూ కూసోలేదు. అది ఏడ్చింది. మళ్ళీ చేస్తే 4 వచ్చినయి. తర్వాత 5. అప్పుడు అందరూ దాని దగ్గరికి వచ్చిండ్రు. ఒక్కసారికే ఆపేస్తే ఏమయ్యేది?

బాత్రూంల వెనుక రాత్రి చప్పుడైతుందని ఆరో తరగతి పిల్లలు ఇంటికి పోతమంటున్నరు. చప్పుడు ఏ రోజు, ఎన్ని గంటలకు, గాలి ఉందా, కరెంటు ఉందా, ఎవరు విన్నరు, అన్నీ నెల రోజులు రాద్దాం. చప్పుడు కాని రాత్రులు కూడా రాయాలె. మేడం ఒక నోటుబుక్కు ఇస్తే చాలు. టార్చిలైటు మా దగ్గర ఉంది.