చెరిగిపోయిన ఆసిఫ్‌నగర్ చెప్పే పాఠం

హైదరాబాద్ జిల్లాలో ఆసిఫ్‌నగర్ పేరుతో నేటికీ ఒక మండలం ఉంది. ఆసిఫ్‌నగర్ శాసనసభ్యుడు మాత్రం 2009 నుంచి లేడు. ఆ నియోజకవర్గాన్ని ఓటర్లు తిరస్కరించలేదు, ఏ ప్రభుత్వమూ పడగొట్టలేదు. పునర్విభజన సంఘం పటం మీద గీతలు మార్చింది. ఒక గెజెట్ ప్రకటనతో అది చరిత్రలో కలిసిపోయింది. ఆ గీతలు మళ్లీ మారే కాలం వస్తోంది గనుక ఆనాటి చరిత్రను ముస్లిం సమాజం ఒకసారి నెమరువేసుకోవాలి.

ఆసిఫ్‌నగర్ ఓటరు ఎవరికీ శాశ్వతంగా కట్టుబడినవాడు కాడు. 1994, 1999లలో అక్కడ కాంగ్రెస్ అభ్యర్థిగా దానం నాగేందర్ గెలిచారు. 2004లో టికెట్ దక్కకపోవడంతో ఆయన తెలుగుదేశంలో చేరి అదే స్థానంలో మళ్లీ నెగ్గారు. రాష్ట్రంలో కాంగ్రెస్ అధికారంలోకి రాగానే సొంత గూటికి తిరిగి వచ్చి, పదవికి రాజీనామా చేసి ఉపఎన్నికకు నిలబడ్డారు. ఈసారి ఓటర్లు ఆయనను కాదని మజ్లిస్ అభ్యర్థి మొహమ్మద్ మొజమ్ ఖాన్‌ను గెలిపించారు. కొద్ది నెలల వ్యవధిలో, అదే ప్రజలు, అవే వీధులు, భిన్నమైన తీర్పు. హిందూ ముస్లిం ఓటర్లు కలసి ఉన్న ఆ స్థానంలో ప్రతి అభ్యర్థీ ప్రతి గడపా తొక్కవలసి వచ్చేది. ముస్లిం ఓటు ఎలాగూ నాదేనని ఎవరూ నిశ్చింతగా ఉండలేకపోయారు. ఎలాగూ రాదని ఎవరూ వదులుకోలేకపోయారు.

జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన పునర్విభజన సంఘం 2001 జనాభా లెక్కల ఆధారంగా కొత్త పటం సిద్ధం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం స్థానాలు 294గానే ఉన్నా, తెలంగాణ ప్రాంతంలో 107 స్థానాలు 119 అయ్యాయి. హైదరాబాద్ జిల్లాలో 13 స్థానాలు 15కు పెరిగాయి. ఆసిఫ్‌నగర్, మహరాజ్‌గంజ్, హిమాయత్‌నగర్ కనుమరుగయ్యాయి. నాంపల్లి, బహదూర్‌పురా, గోషామహల్, జూబ్లీహిల్స్, అంబర్‌పేట కొత్తగా పుట్టాయి. ఆసిఫ్‌నగర్ ప్రాంతం నాంపల్లిలో చేరింది. 2009లో మొజమ్ ఖాన్ బహదూర్‌పురాకు, నాగేందర్ ఖైరతాబాద్‌కు వెళ్లి ఇద్దరూ గెలిచారు. నాయకులకు కొత్త చిరునామాలు సులువుగానే దొరికాయి.

కొత్త పటం మనకు మేలు చేయలేదని అనడం న్యాయం కాదు. 2004 సార్వత్రిక ఎన్నికల్లో నాలుగు స్థానాలు గెలిచిన మజ్లిస్, 2009లో ఏడు గెలిచింది. 2014, 2018, 2023 ఎన్నికల్లోనూ ఆ ఏడింటినీ నిలబెట్టుకుంది. నాంపల్లిలో పోటీ చచ్చిపోలేదనడానికి 2023లో రెండు వేల పైచిలుకు ఓట్లతో తేలిన ఫలితమే సాక్ష్యం. సభలో ముస్లిం గొంతు వినిపిస్తున్నదంటే అందులో ఈ ఏడు స్థానాల పాత్ర ఎంతో ఉంది.

అయితే లెక్కను పూర్తిగా చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు దాదాపు 12.7 శాతం. 119 మంది సభ్యులున్న సభలో ఆ దామాషాకు దాదాపు పదిహేను మంది ఉండాలి. 2014లోనూ 2018లోనూ బోధన్ నుంచి గెలిచిన ఒక్కరితో కలిపి ఎనిమిది మందే ఉన్నారు. 2023లో ఆ ఒక్కరూ లేరు. అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్ తరఫున ఒక్క ముస్లిం కూడా సభకు ఎన్నిక కాలేదు. ఏడుగురూ ఒకే నగరం నుంచి, ఒకే పార్టీ నుంచి వచ్చినవారు. నిజామాబాద్ ముస్లింకు, మహబూబ్‌నగర్ ముస్లింకు సభలో తన ఊరి మనిషి ఎవరు?

దీనికి బాధ్యత అంతా పటానిదే కాదు. టికెట్లు ఇవ్వని పార్టీల తప్పు పెద్దది. కానీ ఆ పార్టీలకు సాకు సమకూర్చేది పటమే. ఒక సముదాయాన్ని కొన్ని స్థానాల్లో కుప్పగా పోస్తే మిగిలిన పార్టీలకు అక్కడ ఆశ ఉండదు. మిగతాచోట్ల పలుచగా చల్లేస్తే దాని అవసరమే ఉండదు. ఆసిఫ్‌నగర్ వంటి మిశ్రమ స్థానాలు ఈ రెండింటికీ నడుమ నిలిచి, ఓటుకు విలువ కట్టించాయి.

రిజర్వుడు స్థానాల విషయం మరొకటి. ఎస్సీ జనాభా కంటే ముస్లిం జనాభా అధికంగా ఉన్న కొన్ని నియోజకవర్గాలు ఎస్సీలకు రిజర్వు అయ్యాయని 2006లోనే సచార్ కమిటీ ఎత్తిచూపింది. దళితుల హక్కుతో మనకు పేచీ లేదు, ఉండకూడదు. వారి జనాభా అధికంగా ఉన్న స్థానాలే వారికి దక్కాలన్నది వారికీ మేలు చేసే వాదన. 2023లో అస్సాంలో జరిగిన పునర్విభజన కూడా కళ్లముందే ఉంది. మాజీ రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఒకప్పుడు ప్రాతినిధ్యం వహించిన జానియా నియోజకవర్గం పేరు ఆ పటంలో కనిపించదు.

2001లో వచ్చిన 84వ రాజ్యాంగ సవరణ, 2026 తర్వాతి తొలి జనగణన వరకు స్థానాల సంఖ్యను స్తంభింపజేసింది. 2014 నాటి పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 26వ సెక్షన్ తెలంగాణ సభను 153కు, ఆంధ్రప్రదేశ్ సభను 225కు పెంచాలని చెబుతోంది. అంటే రేపు గుంటూరులో, కర్నూలులో, కడపలో, నిజామాబాద్‌లో, కరీంనగర్‌లో కూడా గీతలు కదులుతాయి.

2002 నాటి చట్టం ప్రకారం సంఘం ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు స్వీకరించి, బహిరంగ విచారణలు జరిపింది. తుది ఉత్తర్వు వెలువడ్డాక న్యాయస్థానంలో ఊరట దొరకడం బహు అరుదు. కనుక చేయవలసినదంతా ముసాయిదా దశలోనే చేయాలి. అక్కడ ఆవేశానికి చోటు లేదు, మతం పేరుతో చేసే వాదన నిలవదు. నియోజకవర్గం భౌగోళికంగా ఒక్కచోట ఉందా, పాలనా సరిహద్దులను గౌరవించిందా, రాకపోకలకూ ప్రజల సౌకర్యానికీ అనువుగా ఉందా అన్నవే చట్టం గుర్తించే ప్రశ్నలు. ఒక బస్తీని రెండుగా చీలిస్తే, ఒక పట్టణాన్ని మూడు ముక్కలు చేస్తే ఆ ప్రశ్నలతోనే నిలదీయాలి.

అందుకు నేటి నుంచే సిద్ధం కావాలి. జనగణనలో ప్రతి ఇల్లూ, ఓటర్ల జాబితాలో ప్రతి పేరూ నమోదయ్యేలా మస్జిద్ కమిటీలు చొరవ తీసుకోవాలి. వార్డులవారీగా, గ్రామాలవారీగా జనాభా వివరాలను, ప్రస్తుత సరిహద్దుల పటాలను న్యాయవాదులు, అధ్యాపకులు, యువకులు కలసి సేకరించాలి. సంఘంలో సహ సభ్యులుగా ఉండే ఎంపీలకు, ఎమ్మెల్యేలకు ముందుగానే వినతిపత్రాలు అందాలి. దళిత, వెనుకబడిన వర్గాల సంఘాలతో కలసి కూర్చోవాలి. చీలిపోయే బస్తీ వారిది కూడా.

ఎన్నికల రోజున బారులు తీరి ఓటు వేయడం మనకు బాగా తెలుసు. ఆ ఓటుకు ఎంత బరువుండాలో నిర్ణయించే రోజు మాత్రం ఎన్నికలకు ఏళ్ల ముందే వచ్చి వెళ్లిపోతుంది. ఈసారి ఆ విచారణ మందిరంలో మన కుర్చీలు ఖాళీగా ఉండకూడదు.