మాల తీసిన మరునాడు

వ్యసనం కేవలం బుద్ధిదోషమని తలచేవారు గీతాచార్యుని ద్వితీయాధ్యాయ బోధను సగమే గ్రహించినవారు. విషయచింతన నుండి సంగం, సంగం నుండి కామం, కామం నుండి క్రోధం, చివరకు బుద్ధినాశం వరకు ఆ పతనక్రమాన్ని భగవానుడు మెట్టుమెట్టుగా దర్శింపజేశాడు. మెట్లమీదుగా దిగినవాడు మెట్లమీదుగానే ఎక్కాలి. ఆ మెట్లను నిర్మించవలసిన బాధ్యత ఎవరిదన్నదే నేటి విచారణ.

2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల గ్రామాలలో కల్తీ కల్లు సేవించి 50 మందికి పైగా అస్వస్థులయ్యారు. వారిలో పలువురిని బాన్సువాడ ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చారు. తాటి, ఈత చెట్లు ఇచ్చే కల్లు గిరాకీకి చాలనప్పుడు మత్తుమందు కలిపి అమ్మడం ఈ ప్రాంతానికి పాతవ్యాధి. ఆల్ప్రాజోలం, డైజీపాం వంటి మందులకు అలవడిన నాడీమండలం వాటిని హఠాత్తుగా మానితే తట్టుకోలేదు. వణుకు, నిద్రలేమి, చిత్తభ్రమ, మూర్ఛలు సంభవిస్తాయి. ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. కనుక "మనసు గట్టి చేసుకుని నేడే మానెయ్యి" అన్న ఉపదేశం ఇట్టివారికి హితవచనం కాజాలదు. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా విడిపించడమే శాస్త్రీయమార్గం. మాల ధరించగోరి వచ్చిన వ్యసనపీడితుణ్ణి ముందుగా వైద్యుని చెంతకు పంపడం గురుస్వామి ధర్మం. 14446 అనే జాతీయ సహాయవాణికి ఉచితంగా ఫోన్ చేసి దారి తెలుసుకోవచ్చు.

ఇక చిత్తం మాట. అయ్యప్ప దీక్షలో 41 దినాలు మద్యాన్ని తాకనివారు మాలావిసర్జనానంతరం మళ్లీ దుకాణం దారి పట్టడం మనమెరిగినదే. దానిని భక్తిలోపమని నిందించడం సులభం. అయితే మండలకాలంలో అతనికి లభించినవేమిటో పరిశీలించండి. "స్వామీ" అనే గౌరవసంబోధన, సన్నిధానంలో సత్సంగం, ఉభయసంధ్యలలో నియమం, తోటివారితో భిక్ష. మాల తీసిన క్షణాన ఈ నాలుగూ ఒక్కసారిగా తొలగిపోతాయి. "స్వామి" తిరిగి "తాగుబోతు" అవుతాడు. మనోనిగ్రహానికి అభ్యాసవైరాగ్యాలే సాధనాలని గీత షష్ఠాధ్యాయం బోధిస్తున్నది. 41 నాళ్లు అతడు వైరాగ్యాన్ని నిరూపించాడు. అభ్యాసానికి తావు లేకుండా చేసినది మనం.

ఆ తావు పేరు జీవిక. మంజీరా తీరాన, నిజాంసాగర్ నీటితో వరి పండే ఈ సీమలో పనికి కొరత ఉన్నది ఋతువుల మధ్యకాలంలో. నమ్మకానికి కొరత ఉన్నది ఏడాది పొడవునా. రైస్ మిల్లు యజమాని, ధాన్యం వ్యాపారి, ఆలయ ధర్మకర్త తలా ఒకరికి పని ఇచ్చి, కూలిలో కొంత ఇల్లాలి ఖాతాకు చేరేలా అతని సమ్మతితో ఏర్పాటు చేస్తే అదే నిత్యదీక్ష. తిమ్మాపూర్ వేంకటేశ్వరుని సన్నిధికి వెళ్లే మనం హుండీలో వేసే కానుకకు ఇది తక్కువ కాదు.

"ఎవరి కర్మ వారు అనుభవించవలసిందే కదా" అని కొందరంటారు. నిజమే. కాని దుఃఖితుడు మన కంటబడడం మన కర్మలో భాగం. అతనికి చేయూతనివ్వక తప్పుకోవడమూ కర్మయే, దాని ఫలం మనదే. పైగా కల్తీ అతని ఒక్కని పాపం కాదు. నిజాయితీగా చెట్టెక్కే గీత కార్మికుని వృత్తికి కూడా అది ద్రోహమే. తండ్రి లొట్టి వద్ద కూర్చుని ఎదిగే బాలునికి సాయంవేళ భజనమందిరంలోనో, చదువుకునే అరుగుమీదనో చోటు చూపడం నివారణకు తొలిమెట్టు.

సాధకులారా, వచ్చే మండలకాలంలో ప్రతి సన్నిధానమూ ఒక చిన్న పట్టిక వ్రాసుకోవాలి. మాల తీసిన మరునాడు ఎవరికి వైద్యం కావాలి, ఎవరికి పని కావాలి, సాయంకాలం ఎవరి ఇంటి తలుపు తట్టి "స్వామీ, రండి" అని పిలవాలి. శబరిగిరి మెట్లు పద్దెనిమిది. పందొమ్మిదవది మన ఊరిలోనే ఉన్నది.