రోగవృక్షము – పొరుగు ధర్మము

మా యింటి తూర్పుగోడ కావల ఒక కొబ్బరిచెట్టుండెను. రెండేండ్ల క్రిందటి వానకాలమున దాని మొవ్వు వాడి, లాగినంతనే చేతికి వచ్చి, దుర్గంధము కొట్టజొచ్చెను. అది మొవ్వుకుళ్ళు తెగులని యెరిగి, చెట్టు తలను నరికించి కాల్చివేయుడని పొరుగువారిని వేడితిమి. "పంతులుగారూ, నా దొడ్డిలో నా చెట్టు. పోతే నేను కదా యేడ్చేది! మీకెందుకండీ?" అని వారు నవ్విరి. మరుసటి వానలు వెనుకబట్టకమునుపే మా చెట్లు రెండును, వీధికొనను కాయలమ్ముకొని బ్రతుకు నొక ముదుసలి చెట్లు మూడును అదే తెగులున కూలినవి. మాకు జీతము గలదు; ఆమెకు ఆ మూడు చెట్లే జీతము. పిమ్మట పొరుగువారు తమ చెట్టును కొట్టించిరిగాని మొద్దును గోడవార పడవైచిరి. కుళ్ళిన మొద్దులందు కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టును. అది మొవ్వులను తొలిచిన గాయముల వాసన పట్టుకొని ఎర్రముక్కుపురుగు వచ్చి కాండమును లోలోపల తినివేయును. రోగమును దాచినవారే మరల పురుగును పెంచిరి.

"నా చెట్టు నా యిష్టము" అను మాట ఆరోగ్యమైన చెట్టునకు చెల్లునేమోకాని రోగవృక్షమునకు చెల్లదు. పురుగునకు సరిహద్దురాళ్ళు తెలియవు. తన యింట మశూచి యున్నపుడు తలుపులు తీసి బంధువులను విందునకు బిలిచిన గృహస్థును మన పెద్దలు మెచ్చుకొనియుందురా?

ఈ సత్యము మన గోదావరిసీమకు క్రొత్తది కాదు. గత శతాబ్ది యారంభమున అచ్చటి తాటిచెట్లు ఈ మొవ్వుకుళ్ళుచేతనే కూలిపోవుచుండగా, బట్లరు అను శాస్త్రజ్ఞుడు దానికి గారణమైన సూక్ష్మజీవిని పరిశీలించి 1907లో దానికి నామకరణము చేసెను. రోగము తగిలిన చెట్ల తలలను నరికి కాల్చు పనికి ప్రభుత్వమువారు ప్రత్యేకముగా మనుష్యులను నియోగించిరి. తరువాత 1919లో మద్రాసు ప్రభుత్వము పంటల చీడపీడలను గూర్చి యొక శాసనము చేసెను. ప్రకటింపబడిన తెగులును భూమి ననుభవించువాడు తానే నిర్మూలింపవలయును. అతడు చేయనిచో అధికారులు చేసి, ఖర్చును అతనియొద్దనే రాబట్టుదురు. పరప్రభుత్వపు శాసనమైనను అందలి ధర్మము మనది.

ఇక రెండవ ప్రక్కను జూతము. 2002లో నీరు, భూమి, వృక్షములను గూర్చి మన రాష్ట్రమున నొక శాసనము పుట్టినది. అది నేడు రెండు తెలుగు రాష్ట్రములందును గలదు. సొంత భూమిలోని చెట్టును నరుకుటకైనను, మినహాయింపబడిన జాతులు తప్ప, అధికారి ముందస్తు అనుమతి వలయునని దాని సారాంశము. దాని యుద్దేశమును మేము శిరసావహించుచున్నాము. అట్టి కట్టుబాటు లేకున్న మన పట్టణములలో నీడ యనునది నిఘంటువునందే మిగులును. కాని ఆచరణ యెట్లున్నది? మేమెరిగిన యొక పట్టణమున ఒక మిత్రుని యింటి నిద్రగన్నేరును చెదలు తొలిచి డొల్ల చేసినవి. ఆయన అర్జీ యిచ్చి మూడు నెలలు వేచెను, జవాబు రాలేదు, గాలివానకు కొమ్మ విరిగి వంటయింటి కప్పుమీద బడెను. ఆ వీధిలోనే మేడ కట్టదలచిన యొకరి పచ్చని వేపచెట్టు మాత్రము "రోగగ్రస్త"మను పేరుతో ఒక్క రాత్రిలో మాయమయ్యెను. న్యాయముగా అడిగినవానికి ఆలస్యము, నెపము వెదకినవానికి అనుమతి! ఇదియా వృక్షరక్షణము?

వేపమాట వచ్చినది గనుక మరియొకటి చెప్పవలసియున్నది. 2021 ప్రాంతమున తెలంగాణమునందు వేపచెట్లు కొమ్మల చివరలనుండి మాడిపోజొచ్చినవి. ఫోమాప్సిస్ అను బూజుజాతి తెగులు అందులకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పిరి. కొందరు భయపడి చెట్లను మొదలంట నరికించిరి. కొందరు కలప కాశపడి భయము నటించిరి. ఓపిక పట్టినవారి చెట్లు పెక్కులు మరల చిగిర్చినవి. ఎండుకొమ్మలు కత్తిరించి కాపాడదగిన చెట్టును నరుకుట వైద్యము కాదు, హత్య.

కావున మా వాదమిది. నేటి నియమము "నరుకవచ్చునా?" యని యడుగుచున్నది, అడుగవలసిన మొదటి ప్రశ్న "రోగమేమి?" యని. మొవ్వుకుళ్ళునకు ఆలస్యము విషము. వేపమాడుటకు తొందర విషము. రెండింటికి ఒకే అర్జీ, ఒకే నిరీక్షణ యనుట, జ్వరమునకును ఎముక విరుగుటకును ఒకే కషాయమిచ్చు వైద్యము వంటిది. ప్రతి పంచాయతీయు, ప్రతి పురపాలకమును తెగుళ్ళ నెరిగిన పరీక్షకునొకని నియమింపవలయును. అర్జీ యందిన వారము దినములలో అతడు చెట్టును చూచి తన నిర్ణయమును అందరు చదువునట్లు గోడమీద నంటింపవలయును. అట్లయిన లంచమునకు చీకటి చిక్కదు. నరుకుమన్నచో కాల్చుమనియు, పాతిపెట్టుమనియు చెప్పుట ఆజ్ఞలో భాగము కావలయును. కూలి యిచ్చుకొనలేని పేదలకు ఆ వ్యయమును ఊరే భరింపవలయును. ఏలయన ఆమె చెట్టు నరుకబడుటవలన రక్షింపబడునది ఊరి చెట్లే.

కొబ్బరిచెట్టు కన్నకొడుకువంటిది, దానిపై గొడ్డలి వేయరాదని మన యిండ్లలో తల్లులు సంకోచింతురు. ఆ ప్రేమను మేము గౌరవింతుము. కాని తల్లులారా, రోగియైన బిడ్డను దాచుట ప్రేమ కాదు. చచ్చినదానిని సకాలమున దహించి, ఆ గుంటకు కొంత దూరమున నొక మొలకను నాటి నీరు పోయుడు. మా వీధి ముదుసలికి మేమొక మొలకను తెచ్చి యిచ్చితిమి. అది కాపునకు వచ్చుటకు కొన్నేండ్లు పట్టును. "అప్పటిదాకా నేనుంటానా, బాబూ?" అని ఆమె యడిగెను. మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు గోడ కావల నవ్వినవారును, అర్జీలమీద నిద్రించువారును.