చిన్న పరిశ్రమకు బాధ్యత కూడా చిన్నదేనా?

సామాజిక బాధ్యత అనే మాట ఈ మధ్య యజమానుల నోట తెగ నలుగుతోంది. బడికి పది బెంచీలు, పేటకి ఓ మంచినీళ్ల ట్యాంకు, ఆగస్టు 15న నోటు పుస్తకాలు. బెంచీ వీపు మీద కంపెనీ పేరు, మర్నాడు పేపర్లో ఫొటో. మేం ఆ బళ్లలో పాఠాలు చెప్పేవాళ్లం. బెంచీలొద్దని అనం, మన పిల్లలు నేల మీద కూర్చున్నది చాలు. కానీ ఆ బెంచీ మీద కూర్చునే పిల్ల తండ్రి పేరు కంపెనీ మస్టర్లో ఎందుకు లేదు? ముందు అది చెప్పండి.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీయే మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. ఆ గీత కింద ఉన్నవాడు 'మేం చిన్నవాళ్లమండీ' అని తప్పుకుంటాడు. ఎంత చిన్నవాళ్లు? 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం లెక్కలో 125 కోట్ల పెట్టుబడి, 500 కోట్ల టర్నోవరు దాకా 'మధ్యతరహా' పరిశ్రమే! స్థలం అడిగేటప్పుడు రాష్ట్రాభివృద్ధి, సబ్సిడీ అడిగేటప్పుడు ఉపాధి కల్పన, కూలివాడు హక్కు అడిగితే మాత్రం పాపం చిన్నవాళ్లు. అసలు బాధ్యతంటే లాభంలోంచి విదిల్చే దానం అని ఎవరన్నారు? మస్టర్లో పేరు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు, మోగే సైరను. పదిమంది పనిచేసే చోట ఈఎస్ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్ అని చట్టంలోనే ఉంది. దీనికి 5 కోట్ల లాభం వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ఇక 'పాలన'. చిన్న కంపెనీ బోర్డు ఎక్కడ కూర్చుంటుంది? భోజనాల బల్ల దగ్గర. యజమాని, ఆయన భార్య, కొడుకు, బావమరిది. సేఫ్టీ ఆఫీసరు కావాలా వద్దా అన్నది కూడా పప్పూ నెయ్యీ మధ్యే తేలిపోతుంది. 2012లో దేశంలోని 1000 పెద్ద కంపెనీల డైరెక్టర్ల కులాలు లెక్క తీస్తే బ్రాహ్మణులు, వైశ్యులు కలిసి నూటికి 90 మంది, ఎస్సీ ఎస్టీలు మూడున్నర మంది. పెద్దవాటి గతే అది. చిన్నవాటి లెక్కకి పరిశోధన ఎందుకు, పెళ్లి శుభలేఖలు చూస్తే చాలు. దీన్ని కుటుంబ పాలన అంటారు. మేం కులపాలన అంటాం.

ఈ పాలన మనకిచ్చినదేమిటో తేదీలతో సహా చెప్పుకుందాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ ఆవిరికి 12 మంది పోయారు. సరైన పర్యావరణ అనుమతి లేకుండానే నడుపుతున్నామని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్ ఇచ్చింది, అయినా ఎవరూ ఆపలేదు. అది పెద్ద కంపెనీ అంటారా? సరే, అదే ఏడు జూన్ 30న పరవాడ ఫార్మాసిటీలో సాయినార్ లైఫ్ సైన్సెస్‌లో విషవాయువు లీకై ఇద్దరు పోయారు. సెప్టెంబరులో కేంద్రం ర్యాంకులు ప్రకటించింది. వ్యాపారం సులువుగా చేసుకోవడంలో మన రాష్ట్రమే దేశానికి ఫస్టు! చావడం కూడా ఇక్కడ సులువేనని ఆ ర్యాంకు కార్డు మీద రాయలేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియాలో మధ్యాహ్నం భోజనాల వేళ పేలుడు, 17 మంది. అచ్యుతాపురం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది గానీ పొగకి జిల్లా సరిహద్దు తెలీదు. చచ్చినవాడి కుటుంబానికి కోటి అన్నారు. ఇవ్వాల్సిందే. బతికున్నప్పుడు ఆ గదిలో ఏ రసాయనం ఉందో వాడికి తెలుగులో చెప్పడానికి ఎంతవుతుంది? భోపాల్ తర్వాత 1987లోనే ఫ్యాక్టరీల చట్టం సవరించి, ప్రమాదాల వివరాలు కార్మికులకీ చుట్టుపక్కల జనానికీ చెప్పాలని రాశారు. ఏ గేటు మీద చూశారు మీరు?

పెద్దవాళ్ల బాధ్యత కూడా చిన్నవాళ్ల గుమ్మంలోనే మాయమవుతుంది. ఉక్కు మన హక్కని 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు, ఊళ్లకి ఊళ్లు భూములిచ్చాయి. పర్మనెంటు ఉద్యోగానికి రోస్టరుంది, రిజర్వేషనుంది. అదే పని కాంట్రాక్టరుకి ఇచ్చిన రోజు రోస్టరు గేటు బయటే ఆగిపోతుంది. రాజ్యాంగానికి గేటు పాసు దొరకలేదు! 2025లో ఉక్కులో కాంట్రాక్టు కార్మికుల్ని వేల లెక్కన తీసేస్తే బాధ్యత ఎవరిది? ప్లాంటు కాంట్రాక్టర్ని చూపిస్తుంది, కాంట్రాక్టరు ప్లాంటుని చూపిస్తాడు. "ఏటి సేస్తాం మేస్టారూ, కాంట్రాక్టరే మారతాడు, చీపురూ మనమూ మారం" అంటారు మనోళ్లు. పైగా 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన కోడ్‌తో కాంట్రాక్టు చట్టం 20 మందికి బదులు 50 మంది ఉంటేనే వర్తిస్తుంది. 49 చొప్పున ముక్కలు చెయ్యడం ఏ కాంట్రాక్టరుకి చేతకాదు?

సెప్టిక్ ట్యాంకులోకి దిగేది ఎవరో వేరే చెప్పాలా? 2013 చట్టం నిషేధించింది, 2014లో సుప్రీంకోర్టు చనిపోతే 10 లక్షలంది, 2023లో 30 లక్షలు చేసింది. హోటలు వాడికీ హాస్టలు వాడికీ ఇంకా మన పేటే గుర్తొస్తుంది.

మనలోనూ నలుగురు షెడ్లు పెట్టుకున్నారు, సంతోషం. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ ఎస్టీల పరిశ్రమల నుంచే కొనాలని 2012 ఉత్తర్వు. పోర్టునీ ఉక్కునీ ఆ లెక్క అడుగుదాం, గట్టిగా అడుగుదాం. అయితే మనవాడు ఓనరైనా మస్టరు మస్టరే. జైభీమ్ అని కూలి ఎగ్గొడితే ఊరుకోం.

యూనియన్ నాయకులకీ ఒక మాట. జెండా ఏ రంగుదైనా సరే, మీ వేదిక మీద కుర్చీలెవరివి, కింద జెండాలు మోసేదెవరు?

గాజువాక, పరవాడ, అచ్యుతాపురం పేటల్లోని మనవాళ్లంతా ఈ నెల మూడు ప్రశ్నలు అడగండి. నా పేరు మస్టర్లో ఏ కంపెనీ కింద ఉంది? నా ఈఎస్ఐ నంబరెంత? లోపల వాడే రసాయనం పేరేమిటి, లీకైతే ఎటు పరుగెత్తాలి? ఒక్కరే అడగొద్దు, పదిమంది కలిసి కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. ఏం జవాబిచ్చారో, ఇవ్వకపోతే ఎవరు ఇవ్వలేదో మాకు రాయండి. మీ పేరు వెయ్యం. కంపెనీ పేరు వేస్తాం.