కుక్కర్ తెలిసినవాళ్ళకు ఆవిరి ఇంజను కొత్తా?

వదినలూ, కుక్కర్‌లో నీళ్ళు ఇంకిపోతే ఏమవుతుంది? సేఫ్టీ వాల్వ్ కరిగి బుస్సుమంటుంది. పాత ఆవిరి రైలింజనుకూ అంతే! బాయిలర్లో నీళ్ళు బాగా తగ్గితే, పొయ్యి నెత్తిన ఉన్న సీసం బిరడా కరిగి ఆవిరి నిప్పుల్లోకి చిమ్ముతుంది. డ్రైవరుకు అదే హెచ్చరిక.

1855లో ఇంగ్లండులో తయారైన ఈఐఆర్ 21 అనే ఇంజను 1909లో పని మానేసింది. ఆపైన నూరేళ్ళు చూడ్డానికి నిలబెట్టిన బొమ్మే. దాన్ని చెన్నైలోని పెరంబూరు వర్క్‌షాపువాళ్ళు బాగుచేసి, 2010లో మళ్ళీ పట్టాల మీద నడిపించారు.

పాత బాయిలరు కదా, సరాసరి నిప్పు పెట్టరు. నిండా నీళ్ళు నింపి, నడిచేటప్పటి కంటే ఎక్కువ ప్రెషరు పెట్టి చూస్తారు. పగులుంటే నీళ్ళు కారతాయి, అంతే. అదే ఆవిరైతే పేలిపోదూ!

మన గద్వాల లైను ఒకప్పుడు మీటర్ గేజీ. కంట్లో బొగ్గు నలుసు పడేదని మా అత్తయ్య ఇప్పటికీ చెప్తుంది. ఈ పాత ఇనుముకు అంత ఖర్చెందుకని మా ఇంట్లోనే అన్నారు. రంగులేసి స్టేషను ముందు నిలబెడితే ఫోటోలకు సరిపోతుంది గానీ, నిప్పు వేసి, ఆవిరి చూసుకునే పనితనం చేతుల్లోంచి పోదూ? వండకుండా వంట నిలుస్తుందా చెప్పండి.

ఊటీ వెళ్తే మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఆవిరి ఇంజను బండే. వెనకనుంచి నెడుతుంది. టిక్కెట్లు ముందే తీసుకోండి. తెల్లచీర మాత్రం వద్దు!