పెట్టెలో మెకరోనీ, మరలో గ్లూటెన్

రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లలకు, అంటే గ్లూటెన్ తగిలితే చిన్నపేగు దెబ్బతినేవారికి, గ్లూటెన్ లేని మెకరోనీ-చీజ్ పెట్టె అక్కరకొచ్చేదే. గోధుమ మెకరోనీని గ్లూటెన్ వల పట్టి ఉంచుతుంది. ఇందులో ఆ పని బియ్యం, మొక్కజొన్న పిండిపదార్థాలది. అందుకే కాస్త ఎక్కువ ఉడికితే ముద్దయిపోతుంది.

కానీ ఛత్తీస్‌గఢ్‌ వంటలైన చీలా, ఫరా బియ్యప్పిండివే కదా! చిక్కల్లా పిండిమరలో ఉంది. గోధుమలు ఆడిన మరలోనే బియ్యం పోస్తే గ్లూటెన్ అంటుకుంటుంది. ఇంగువ పొడిలోనూ తరచూ గోధుమపిండి కలుపుతారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రకారం ‘గ్లూటెన్ రహితం’ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. పెట్టెకు పెట్టే అదనపు డబ్బు రుచికి కాదు, ఆ ముద్రకే. పరీక్షించి అదే ముద్ర వేసిన స్థానిక బియ్యప్పిండి పొట్లం ముందు అమ్మకానికి రావాలి. చీలా పోయడానికి మెకరోనీ కంటే ఎక్కువ సేపేం పట్టదు.